పేరు చెబితే తిరిగి చూసేవాడు

పేరూ మెయిల్ అడ్రసూ ఇచ్చి ‘చేరండి’ అన్న బొత్తాం నొక్కినవాళ్లకి ఆ తర్వాత ఏం కనబడాలన్నది ఎవరూ తల బద్దలు కొట్టుకునే విషయం కాదు. వీరేంద్ర అయితే అసలు కొట్టుకోలేదు. ‘మీరు చేరారు, ధన్యవాదాలు, ఇక మీ మెయిల్ చూసుకోండి’ అని తెల్లటి పేజీ మీద ఒక ముక్క పడేసి ఊరుకున్నాడు. అనూరాధకి అది, గుమ్మంలోకి వచ్చిన మనిషిని పేరడిగి, చెప్పగానే తలుపు వేసేసినట్టు అనిపించింది.

మధురవాడలో అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో వాళ్ల ఆఫీసు. ఊరు వదిలి హైదరాబాదులోనో బొంబాయిలోనో దుబాయిలోనో బతుకుతున్న విశాఖవాళ్లకి వారానికోసారి ‘విశాఖ గాలి’ అనే మెయిల్ పంపడం వాళ్ల పని. అందులో ఊరి కబుర్లుంటాయి, ఒకటో రెండో ఫొటోలుంటాయి, మిగతాదంతా ఫ్లాట్లూ ప్లాట్లూ. కబుర్లు రాసేదీ, పేజీలు కట్టేదీ అనూరాధ. ఫ్లాట్లవాళ్లతో మాట్లాడేది వీరేంద్ర. రెండు వేల ఏడు నాటికి ఆ ఊళ్లో కబుర్లకంటే ఫ్లాట్లే ఎక్కువగా ఉండేవి కాబట్టి అతని నోటికే పని ఎక్కువ.

ఆ వేసవి మొదట్లో ఆమె ఆ తెల్ల పేజీ తీసేసి ఒక ఫొటో పెట్టింది. మూసేసిన ఏదో స్టూడియో నుంచి అచ్యుతరామయ్య గారనే పెద్దాయన తెచ్చి ఇచ్చిన పాత ఫొటోల కట్టలో దొరికింది. ఫిషింగ్ హార్బరులో ఒక మరబోటు అంచున నిలబడి తాడు లాగుతున్నాడు ఒక మనిషి. ఒళ్లంతా పని వైపే ఉంది. మెడ మాత్రం ఇటు తిరిగింది. ఎవరో పేరు పెట్టి పిలిస్తే, చేతిలో తాడు వదలకుండానే తిరిగి చూసినట్టు. నవ్వు ఇంకా పూర్తిగా రాలేదు, వస్తోంది. దాని కింద ఆమె ఒకే ఒక మాట రాసింది: ‘వచ్చారా! మీకోసమే చూస్తున్నాం.’

ఆ మాట రాశాక చాలాసేపు ఆ మొహాన్నే చూస్తూ కూర్చుంది. ముప్పయ్యేళ్లు దాటి, లేడీస్ హాస్టల్లో ఇనప మంచం మీద నిద్రపోయే మనిషి ఆమె. సాయంత్రం తను గేటు తోసుకుని వెళ్తే తలెత్తి చూసేది వాచ్‌మన్ ఒక్కడే, అదీ రిజిస్టరులో సంతకం కోసం. ఎవరైనా, ఎక్కడైనా, ఒక్కసారి తనవైపు అలా మెడ తిప్పితే బాగుండునని ఆమెకి నిజంగానే అనిపించింది. ఎవరికీ చెప్పుకోలేదనుకోండి. చెప్పుకునేటంత దగ్గరివాళ్లుంటే ఆ కోరికే ఉండేది కాదు.

“ఎవరో మనతో ఆడుకుంటన్నారండీ,” అన్నాడు వీరేంద్ర, గురువారం పొద్దున్న కుర్చీ ఆమె బల్ల వైపు జరుపుకుని. “చూడండి. రోజూ మధ్యాహ్నం ఒకళ్లు చేరతన్నారు. పేరు నూకాలు. మెయిల్ అడ్రసు చూస్తే నోటికి రాని అక్షరాలు. మనం పంపిన మెయిలు అలాంటి అడ్రసే లేదని తిరిగొచ్చేస్తంది. ఏ రోజుకారోజు కొత్త అడ్రసు, అదే నూకాలు.”

ఊరి పేరు రాసే గడిలో ‘వన్‌టౌన్, జావేద్ నెట్ సెంటర్’ అని ఉంది. ఆడుకునేవాడు తన చిరునామా రాసి మరీ ఆడుకోవడం అనూరాధకి వింతగా తోచింది.

“సరే, అది పక్కన పెట్టండి. సోమవారం నుంచి ఆ పేజీ బిల్డరు సన్యాసిరాజు గారిది. ఆయన కొత్త బ్లాకు బొమ్మ పెట్టాలి.”

“అది స్వాగతం చెప్పే పేజీ కదండీ.”

“అందుకే అడిగాడాయన. పేరిచ్చినవాడు ఆ నిమిషంలో ఇంకా మన గుమ్మంలోనే ఉంటాడు, చూపించేదేదో అప్పుడే చూపించాలి. ఈ మాట మొదట చెప్పింది మీరేనండి బాబూ. నాను దాన్ని ఆయనకి అప్పజెప్పానంతే.”

తన మాటనే తనకి తిప్పి కొడితే ఎవరైనా ఏం చెయ్యగలరు! అనూరాధ మాత్రం, ఆ తాడు లాగే మనిషి సోమవారం నుంచి అక్కడ ఉండడన్న మాట మింగుడు పడక, కనీసం ఆ నూకాలెవరో చూద్దామని మర్నాడు మధ్యాహ్నం సిటీ బస్సెక్కింది.

వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్టు వెనకవైపు సందులో ఉంది జావేద్ కొట్టు. శుక్రవారం నమాజుకి వెళ్లి అప్పుడే వచ్చి షట్టరు ఎత్తుతున్నాడు. టోపీ ఇంకా నెత్తినే ఉంది. మెట్టు మీద ఖాళీ చేపల గంప పక్కన పెట్టుకుని ఒకావిడ కూర్చుని ఉంది. నలభై దగ్గర పడుతున్న మనిషి, ఎండకి నల్లబడ్డ గట్టి చేతులు, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు, నుదుట రూపాయంత బొట్టు.

అనూరాధ గంటకి డబ్బు కట్టి ఒక మిషను ముందు కూర్చుంది. ముందు జావేద్ ఊదొత్తి వెలిగించి మూల మిషను పక్కన గుచ్చాడు. నీచు వాసనని నెట్‌కొచ్చే కుర్రాళ్లు సణక్కుండా ఆ ఏర్పాటు. ఆవిడ బయట కుళాయి దగ్గర మోచేతులదాకా చేతులు కడుక్కుంది. మొహం కడుక్కుంది. పైటతో తుడుచుకుని, జుట్టు చెవుల వెనక్కి తోసుకుని, చెంగు భుజం మీదికి లాక్కుని అప్పుడు లోపలికొచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

“పేరు సెప్పు అక్కా,” అన్నాడు జావేద్. తెలియక కాదు, అది వాళ్లిద్దరి మధ్యా వరస అని అడిగిన తీరులోనే ఉంది.

“నూకాలు,” అంది ఆవిడ. కాస్త సిగ్గుపడింది కూడా.

జావేద్ వేళ్లకి తోచిన అక్షరాలేవో మెయిల్ గడిలో కొట్టి బొత్తాం నొక్కాడు. ఆ కొట్లో లైను నత్తనడక. ఫొటో ఒక్కసారిగా రాలేదు. ముందు పైనున్న ఆకాశం ఒక పట్టీ దిగింది. తర్వాత బోటు జెండా కొయ్య దిగింది. తర్వాత జుట్టు, నుదురు. కళ్లు దిగేసరికి ఆవిడ ఊపిరి బిగబట్టింది. నవ్వు దిగింది.

“ఏటంతన్నాడు?” అనడిగింది, తెర మీంచి చూపు తియ్యకుండా.

జావేద్ చదివాడు: “‘వచ్చావా! నీకోసమే సూస్తన్నాను.’”

తను రాసింది అది కాదు. అయినా అనూరాధకి తప్పు దిద్దాలనిపించలేదు. తను రాయవలసింది అదేనేమో అనిపించింది.

“ఈయేల వంజరాలు పడ్డాయి బావా,” అంటోంది నూకాలు తెరతో, పక్కింటివాళ్లకి వినబడకూడదన్నట్టు. “మార్కెట్టుకాడ బేగి అమ్ముడైపోనాయి. అత్తకి మోకాలు నొప్పి తగ్గినాది. మరేటి నేదు.” కాసేపు ఊరికే చూసింది. మళ్లీ ఏదో గుర్తొచ్చి, “ఇంటికప్పు మార్పించినాను,” అంది.

అనూరాధ లేచి జావేద్ దగ్గరికెళ్లి తనెవరో చెప్పేసింది.

“అరే, ఆ ఫొటో పెట్టింది మీరా! ఆడు కోటి బావండి, ఈ అక్క మొగుడు. ఇది ఎస్టీడీ బూతుగా ఉన్నప్పుడు రోజూ ఇక్కడే కూకునేవోడు. ఐదేళ్లయింది. తుఫానులో బోటు పోయింది. మిగిలినోళ్లు ఒడ్డుకి కొట్టుకొచ్చారు, పేణాల్తో కాదులెండి. బావ ఒక్కడే ఎటూ రాలేదు. దుబాయిలో ఉన్న మా సెల్లెలు బుష్రాని మీ మెయిల్లో చేర్పిస్తంటే ఈ బొమ్మ దిగింది. నాకు సెమట్లు పట్టేసాయి. ఎళ్లి అక్కని పిలుసుకొచ్చాను.”

“రోజూ కొత్తగా చేరడమెందుకు? ఆ ఫొటో మిషన్లో దాచి పెట్టుకోవచ్చుగా.”

“నానూ అదే అన్నాను. వద్దంది.”

ఈ మాటలకి నూకాలు ఇటు తిరిగింది. “పెట్లో పెట్టి మూసీడానికి ఆడేటైనా కోకా ఏటమ్మా? పేరు సెప్పాల, ఆడు తిరిగి సూడాల. అలగైతేనే ఆడు.” తర్వాత జావేద్ చెప్పిన సంగతి నెమ్మదిగా తలకెక్కి, లేచొచ్చి అనూరాధ చెయ్యి పట్టుకుంది. “నువ్వేనా తల్లీ ఆడిని ఈడ నిలబెట్టింది? నీ కడుపు సల్లగుండ. ఆడిని తీసీకు. ఏటి?”

సోమవారం అన్న మాట అనూరాధ నాలుక చివరిదాకా వచ్చింది. నూకాలు చెయ్యి వదిలిపెట్టలేదు.

“తియ్యం,” అంది.

అబద్ధం ఆడేశాక ఆ అబద్ధానికి ఏదో ఒక బదులు తీర్చాలన్న కంగారు పుట్టింది. “పోనీ అక్కా, ఇంటికి పట్టికెళ్లేలా పెద్ద ఫొటో తీసిస్తే?” అంది.

నూకాలు నవ్వేసింది. “ఇంటికెందుకమ్మా? ఈడున్నాడు సాలు,” అని గంప తీసుకుని వెళ్లిపోయింది.

మొహమాటం అనుకుంది అనూరాధ. మొదటిసారి చూసిన మనిషిని అడగడానికి మొహమాటపడిందనుకుంది. ఆ చేతుల నిండా ఉన్న గాజుల్ని చూసింది, నుదుటి మీద బొట్టుని చూసింది, చూసి కూడా ఏమీ ఆలోచించలేదు. సోమవారం తర్వాత కొట్టుకొచ్చి పేరు చెబితే ఆవిడకి అపార్ట్‌మెంటు బాల్కనీ దిగుతుంది కదా, అదొక్కటే ఆమె బుర్రలో తిరుగుతోంది. బస్సులో కూర్చున్నాక కూడా అదే తిరిగింది.

శనివారం ఆఫీసులో వీరేంద్రతో పోట్లాడింది. పోట్లాట అనడం కూడా ఎక్కువే. ఆమె చెప్పింది, అతను విన్నాడు. నూకాలు సంగతి వినేటప్పుడు అతని కళ్లు కూడా తడిశాయి, అతను చెడ్డవాడేం కాదు. విన్నాక అన్నాడు, “అయ్యో పాపం. కానీ అనూరాధ గారూ, సన్యాసిరాజు గారు పోతే ఈ ఆఫీసు తలుపులు మూసుకోవాలి. అప్పుడు ఆ ఫొటో ఎలాగా ఉండదు కదండీ.” అందులో తప్పు పట్టడానికి ఏం లేదు. తప్పు పట్టడానికేం లేని మాటలంటే అనూరాధకి ఒళ్లుమంట.

సాయంత్రం అసలు ఫొటో కట్టలోంచి తీసి పెద్ద ప్రింటు వేయించింది. నిగనిగలాడే చెక్క ఫ్రేము కట్టించింది, మంచి అద్దం వేయించింది. కొట్టువాడు దండ కూడా కావాలా అని అడిగితే ఛీ ఛీ, వద్దంది. దండ వెయ్యని ఫొటో ఫొటోయే కదా. ఫ్రేము చుట్టూ న్యూస్ పేపరు చుడుతుంటే చాలా రోజుల తర్వాత మనసు తేలిగ్గా అనిపించింది. ఎవరికైనా ఏదైనా ఇవ్వబోయే మనిషికి ఉండే తేలిక అది.

ఆదివారం పొద్దున్నే జాలారిపేటకి వెళ్లింది. ఇంటి గుర్తులు జావేద్ చెప్పాడు, ఎందుకని అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. సందు పొడుగునా నెత్తళ్ల చేపలు ఎండేసి ఉన్నాయి. చీర పైకి దోపుకుని వాటి మధ్య అడుగులు వెతుక్కుంటూ వెళ్లింది. కొత్త రేకుల కప్పున్న ఇంటి ముందు ఒక ముసలావిడ చిరిగిన వల ఒళ్లో వేసుకుని, బొటనవేలికి తాడు తగిలించి ముళ్లు వేస్తోంది. నూకాలు అత్త ఆవిడే, పేరు ముసలమ్మ. కోడలు హార్బరుకెళ్లింది, వచ్చీస్తాది, కూకోమ్మా అంది.

అనూరాధ కూర్చోలేదు. ఉత్సాహం ఆగక నిలబడే అంతా చెప్పేసింది. తమ ఆఫీసు, ఫొటో, జావేద్ కొట్టు, నూకాలు రోజూ వచ్చి పేరు చెప్పడం, చెబితే ఆ మనిషి తిరిగి చూడడం. ముసలమ్మకి అందులో ఎంత అర్థమైందో తెలియదు. వల మీద చేతులు మాత్రం ఆగిపోయాయి. అనూరాధ పేపరు విప్పి ఫ్రేము ఆవిడ ఒళ్లో పెట్టింది.

ముసలమ్మ ముందు మొహం చూడలేదు. బోటు చూసింది, తాడు చూసింది, తాడు పట్టుకున్న చేతులు చూసింది. వేలితో ఆ చేతుల్ని అద్దం మీద తడిమింది. తర్వాతే మొహంలోకి చూసింది. ఏడవలేదు. నిదానంగా లేచి, ఫ్రేముని గుండెకి ఆన్చుకుని లోపలికి వెళ్లింది. గూట్లో సామాను తీసి కింద పెట్టి, గూడు తుడిచి, ఫొటోని గోడకి చేరేసి నిలబెట్టింది. కుంకుమ భరిణె తెచ్చి, అద్దం మీద కొడుకు నుదుటికి సరిగ్గా బొట్టు పెట్టింది.

“ఐదేళ్లమ్మా,” అంది అనూరాధ వైపు తిరక్కుండానే. “ఐదేళ్లకాణ్నుంచి నా కొడుక్కి ముద్ద పెట్టనేదు. సవం దొరకనోడికి మా పేటలో పటం ఎట్టి కర్మలు సేస్తారు. మాకు పటం నేదు. రేసను కార్డులో బొమ్మ ఈగంత ఉండేది, ఆనకి తడిసి ఆ మొకమూ పోనాది. పటం దొరకనీ అని ఆగీసినాం. ఆగీసినాం, ఆడు ఆకలితో తిరుగుతన్నాడు.” గుమ్మంలో నిలబడ్డ పక్కింటి కాంతానికి చెప్పింది, “ఒలే కాంతం, తవిటయ్యకి కబురెట్టు. నా కొడుకు పటం ఒచ్చినాదని సెప్పు.”

పేటకి పెద్ద తవిటయ్య. కబురు వెళ్లకముందే గుమ్మం నిండా ఆడవాళ్లు చేరారు. ఒకావిడ మొదలుపెట్టింది, మిగతావాళ్లు అందుకున్నారు. ఆ ఏడుపు మధ్య నిలబడి అనూరాధకి అప్పుడు అర్థమైంది, తను ఏం తెచ్చి ఈ ఇంట్లో పెట్టిందో. ‘ఇంటికెందుకమ్మా’ అన్న మాట మొహమాటం కాదు. పటం ఇంట్లోకి వచ్చిందంటే కోటి ఇక రాడు. కోటి రాడంటే రేపో ఎల్లుండో ఆ ఆకుపచ్చ గాజులు ఎవరో రాయి పెట్టి చితక్కొడతారు. వెళ్లి ఆ ఫొటో లాక్కుని పారిపోవాలనిపించింది.

అప్పుడే నూకాలు వచ్చింది. నెత్తి మీద గంప నిండా చేపలు. ఏడుపులు విని సందు చివర్నించే ఆగి ఆగి నడిచొచ్చినట్టుంది. ఆడవాళ్లు పక్కకి తప్పుకున్నారు. గంప దించలేదు. దించడానికి ఎవరూ సాయం పట్టనూ లేదు. గుమ్మంలో నిలబడి, గూట్లోని మొహాన్ని చూసింది. కుంకుమ బొట్టుని చూసింది. గోడవార నిలబడ్డ అనూరాధని చూసి, చూడనట్టే చూపు తిప్పేసుకుంది. ఆ చూపు తిప్పుకోవడం అనూరాధ బతికినన్నాళ్లూ మర్చిపోదు.

“ఎవులీయన?” అంది నూకాలు.

ఏడుపులు ఆగిపోయాయి.

“మా బావ కాడు,” అంది మళ్లీ, నెమ్మదిగానే. “ఎవులో అత్తా. మా బావ కాడు.”

కాంతం ఏదో అనబోయి నోరు మూసుకుంది. ఆ పేటలో కోటిని ఎరగనివాళ్లెవరు! అందరి చూపులూ ముసలమ్మ మీదికి వెళ్లాయి. కన్నతల్లి ఒక్క మాటంటే ఇక కోడలి మాట నడవదు. ముసలమ్మ కోడలివైపు చూసింది. గంప పట్టుకున్న చెయ్యి పైనుంది. రెండో చెయ్యి చీర కుచ్చిళ్లలోకి దూరి, గాజులు చప్పుడు కాకుండా బిగించి ఉంది. ముసలమ్మ ఆ దాక్కున్న చేతినే చూస్తూ నిలబడింది. తర్వాత గూటివైపు తిరిగింది, కొడుకువైపు.

పైట కొంగు అందుకుని అద్దం మీది బొట్టు తుడిచింది. ఎర్రగా చారిక మిగిలింది. నోటి ఆవిరి ఊది మళ్లీ తుడిచింది.

“కాడే,” అంది. “నా కళ్లు పోనాయి. ఎవుల బిడ్డో.” ఫ్రేము తీసి అనూరాధ చేతుల్లో పెట్టింది. “అట్టుకెలిపో తల్లీ. ఇది మాది కాదు.” తర్వాత కోడలితో, “గంప దించు. మెడ నొప్పెట్టదా?” అని తనే చెయ్యి వేసి సాయం పట్టింది.

ఆడవాళ్లు ఒక్కరొక్కరే జారుకున్నారు.

అనూరాధ ఎండు చేపల మధ్య నుంచి ఎలా నడిచిందో ఆమెకే తెలియదు. రోడ్డు మీదికొచ్చి బస్సు కోసం నిలబడింది. పేపరు సరిగ్గా చుట్టుకోక అద్దం ఎండకి మెరుస్తుంటే ఫ్రేముని బోర్లా తిప్పి పట్టుకుంది. సిగ్గుగా ఉంది. ఏడుపుగా ఉంది. అవతల హార్బరు వైపు నుంచి ఏదో ఓడ కూత వినబడింది. ఆ ఊళ్లో ఎప్పుడూ ఏదో ఒక ఓడ వస్తూనే ఉంటుంది.

“ఒలమ్మా, ఆగు.”

ముసలమ్మ. మోకాలు పట్టుకుని కుంటుకుంటూ వస్తోంది. అనూరాధ ఎదురెళ్లింది. ముసలావిడ ఆయాసం తీర్చుకుంది. ఫ్రేము వైపు అసలు చూడలేదు. వెనక్కి తిరిగి కోడలు చూడ్డం లేదు కదా అని చూసుకుంది.

“ఆ జావేదు కొట్టుకాడ... పేరు సెప్తే తిరుగుతాడన్నావే.”

“తిరుగుతాడమ్మా.”

“దాని పేరుకేనా? నా పేరుకీ తిరుగుతాడా?”

రేపు పొద్దున్న ఆ పేజీ సన్యాసిరాజుది. ఒకసారి ‘తియ్యం’ అని అబద్ధమాడి ఇంత పని చేసింది, మళ్లీ ఆడటానికి అనూరాధకి నోరు రాలేదు. ఈసారి ఆ మాటని నిజం చెయ్యాలనుకుంది. లోకమంతటికీ ఫ్లాట్లే చూపించుకోనీ వీరేంద్ర, వద్దనదు. ఊరి గడిలో జావేద్ కొట్టు పేరు రాసినవాళ్లకి మాత్రం ఈ మనిషే కనబడతాడు. నాలుగు లైన్లు రాస్తే అయ్యే పని. చాటుగా కాదు, వీరేంద్రకి ఎదురుగా కూర్చుని చెప్పే రాస్తుంది. కాదంటే ఆ పేజీలు కట్టడానికి ఇంకొకళ్లని చూసుకోమంటుంది. అంత గట్టిగా దేన్నైనా అనుకుని ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తులేదు.

“తిరుగుతాడు,” అంది. “మీ పేరుకీ తిరుగుతాడు.”

ముసలమ్మ తలాడించింది. వెళ్లబోయి, మళ్లీ అనుమానం వచ్చి ఆగింది.

“ముసలమ్మంటే ఆడికేటి తెలుస్తాది తల్లీ? ఆడు నన్నెప్పుడూ పేరెట్టి పిలిసినోడు కాడు.”

“అయితే పేరొద్దు,” అంది అనూరాధ. “అమ్మ అని రాయించండి.”